సర్వర్‌లో నెట్‌వర్క్ కార్డు ఎవరి చేతిలో ఉంది?

మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లును తీసుకుందాం. తూకం బిల్లులు దాచే సర్వర్‌కు 192.168.10.5 అనే అడ్రస్ ఇచ్చి పెట్టారు. పదేళ్లయినా ఆ నంబరు మారదు, మారాల్సిన అవసరమూ రాదు. నల్లగొండలో ఆసుపత్రి ల్యాబ్ సర్వరైనా, పాలమూరులో కాలేజీ హాజరు సర్వరైనా సంగతి ఇంతే. నంబరు అలాగే ఉంది కానీ, దాన్ని యంత్రానికి చెప్పే పద్ధతి మాత్రం లినక్స్‌లో ప్రతి కొత్త వెర్షన్‌తో మారుతోంది. సిస్టమ్ అడ్మిన్ల విసుగంతా ఇక్కడి నుంచే మొదలవుతుంది.

రెడ్‌హ్యాట్ లినక్స్‌కు ఉచిత రూపమైన సెంట్ఓఎస్ 6వ వెర్షన్ నడిచిన రోజుల్లో పని సాఫీగా ఉండేది. ఈటీసీ కింద సిస్‌కాన్ఫిగ్, దాని కింద నెట్‌వర్క్ స్క్రిప్ట్స్ ఫోల్డర్, అందులో కార్డు పేరుతో ఒక ఫైలు. ఆ ఫైల్లో అడ్రస్, నెట్‌మాస్క్ (లోపలి నెట్‌వర్క్ ఎంతవరకో చెప్పేది), గేట్‌వే (బయటికి పోయే దారి), బూట్‌లో లేవాలా వద్దా అని చెప్పే ఆరేడు వరుసలు రాసి, నెట్‌వర్క్ సర్వీసును రీస్టార్ట్ చేస్తే పని అయిపోయేది. 2014లో వచ్చిన రెడ్‌హ్యాట్ 7లో ఫైలు అదే, కానీ దాన్ని చదివేది నెట్‌వర్క్‌మేనేజర్ అనే కొత్త సర్వీసు. 2019 నాటి 8లో పాత స్క్రిప్టుల ప్యాకేజీ తనంతట తాను ఇన్‌స్టాల్ కావడం ఆగింది. 2022 నాటి 9లో ఆ ప్యాకేజీనే తీసేశారు. కొత్త ప్రొఫైళ్లు (కార్డు సెట్టింగులు) నెట్‌వర్క్‌మేనేజర్ సొంత ఫోల్డర్‌లోకి, కీఫైల్ అనే వేరే రూపంలోకి మారాయి. పాత ఫైలు ఉంటే దాన్నీ చదివేది. 2025లో వచ్చిన 10లో ఆ చదవడం కూడా పోయింది. మరో లినక్స్ రకమైన ఉబుంటు దారి వేరు. 16.04 వరకు ఇంటర్‌ఫేసెస్ అనే ఒకే ఫైలుతో నడిచింది, 18.04 ఎల్‌టీఎస్ (దీర్ఘకాల మద్దతు వెర్షన్) నుంచి సర్వర్లకు నెట్‌ప్లాన్ అనే కొత్త కాన్ఫిగ్ పద్ధతి వచ్చింది. ఉబుంటుకు మూలమైన డెబియన్‌లో సర్వర్‌ను మామూలుగా ఇన్‌స్టాల్ చేస్తే ఆ పాత ఇంటర్‌ఫేసెస్ ఫైలే ఇప్పటికీ పనిచేస్తుంది.

మార్పుకు కారణాలు లేవని అనలేం. కార్డు అడ్రస్ చూడటానికి, మార్చడానికి వాడే పాత కమాండ్ ఇఫ్‌కాన్ఫిగ్. అది లినక్స్ గుండెకాయ అయిన కెర్నల్‌తో ఐఆక్టల్ అనే పాత మార్గంలో మాట్లాడుతుంది. కెర్నల్‌లో నెట్‌వర్క్ భాగం 1990ల చివర్లోనే మారిపోయి, నెట్‌లింక్ అనే కొత్త మార్గం, దానికోసం ఐపీ అనే కమాండ్ వచ్చాయి. ఒక కార్డుకు నాలుగు అడ్రస్‌లు, రెండు మూడు రూటింగ్ టేబుళ్లు (ఏది ఏ దారిన పోవాలో చెప్పే జాబితాలు) ఉండే కాలానికి ఇఫ్‌కాన్ఫిగ్ సరిపోదు. పైగా కొన్నిచోట్ల తప్పు చిత్రం చూపిస్తుంది. ఐపీ కమాండ్‌తో అదే కార్డుకు లేబుల్ లేకుండా 192.168.10.50 అని రెండో అడ్రస్ కలిపితే ఇఫ్‌కాన్ఫిగ్‌లో అది కనిపించదు, మొదటిదే కనిపిస్తుంది. అది చూసి 50 ఖాళీగా ఉందనుకుని ప్రింటర్‌కు ఇస్తే రెండు యంత్రాలకు ఒకే అడ్రస్ పడుతుంది. ప్రింటర్ ఒకసారి పలుకుతుంది, ఒకసారి పలకదు. కేబుల్ మార్చి, స్విచ్ మార్చి రోజంతా పోగొట్టుకున్న తర్వాత గానీ ఈ అనుమానం రాదు. ఇఫ్‌కాన్ఫిగ్ అలవాటును వదిలించుకోవడానికి ఈ ఒక్క కారణం చాలు.

రెడ్‌హ్యాట్ 7 మినిమల్ ఇన్‌స్టాల్‌లోనూ, 2017 నాటి డెబియన్ 9లోనూ ఇఫ్‌కాన్ఫిగ్ ఉన్న నెట్‌టూల్స్ ప్యాకేజీ లేకుండా పోయింది. పాత కమాండ్లలో నెట్‌స్టాట్‌కు బదులు ఎస్‌ఎస్, రూట్‌కు బదులు ఐపీ రూట్, ఏఆర్‌పీకి బదులు ఐపీ నెయిబర్, బీఆర్‌సీటీఎల్‌కు బదులు బ్రిడ్జ్ వచ్చాయి. కార్డు వేగం, లింక్ స్థితి చూసే ఈథ్‌టూల్ మాత్రం అలాగే ఉంది. ఇక్కడ రెండు గుంతలు గుర్తుంచుకోవాలి. ఐపీ కమాండ్‌తో అడ్రస్ ఇచ్చేటప్పుడు చివర /24 (నెట్‌మాస్క్‌కు పొట్టి రూపం) మరిచిపోతే అది /32గా, అంటే ఆ ఒక్క అడ్రస్‌కే పరిమితమై పడుతుంది. అడ్రస్ ఉన్నట్టే కనిపిస్తుంది కానీ పక్క యంత్రం కూడా అందదు. రెండోది, ఐపీ కమాండ్‌తో చేసినదంతా మెమరీలోనే ఉంటుంది. సాయంత్రం సరిచేసి ఇంటికి పోతే, రాత్రి కరెంటు పోయి వచ్చేసరికి చేసిన పని మాయమైపోతుంది.

పేర్ల సంగతి

పాత పద్ధతిలో కార్డులకు ఈథ్0, ఈథ్1 అని పేర్లు ఉండేవి. కెర్నల్ ఏ కార్డును ముందు గుర్తిస్తే దానికి సున్నా. రెండు పోర్టులున్న సర్వర్‌లో ఒక రీబూట్ తర్వాత రెండు పేర్లూ తారుమారైతే, ఇంటర్నెట్ వైపు ఉండాల్సిన ఫైర్‌వాల్ నియమాలు లోపలి వైపుకు పడేవి. ఈ ప్రమాదాన్ని తప్పించడానికే 2013 జనవరిలో, సర్వీసులను లేపి నడిపే సిస్టమ్‌డీ 197వ వెర్షన్‌తో కొత్త పేర్లు వచ్చాయి. మదర్‌బోర్డు మీది పోర్టు అయితే ఈఎన్‌ఓ1, పీసీఐ బస్సు 3, స్లాట్ 0లో ఉంటే ఈఎన్‌పీ3ఎస్0.

వీటికి ముందే చెప్పగల పేర్లు అని పేరు పెట్టారు కానీ ఆ మాట సగమే నిజం. డిస్క్ కంట్రోలరో, ఇంకో కార్డో కొత్తగా బిగిస్తే బస్సు నంబర్లు జరుగుతాయి. నిన్నటి ఈఎన్‌పీ3ఎస్0 ఇవాళ ఈఎన్‌పీ4ఎస్0 అవుతుంది. కాన్ఫిగ్ పాత పేరు మీదే ఉంది కాబట్టి సర్వర్ లేస్తుంది, నెట్‌వర్క్ లేవదు. వర్చువల్ యంత్రాలు నడిపే వీఎంవేర్‌లో కార్డు రకాన్ని ఈ1000 నుంచి వీఎంఎక్స్‌నెట్3కు మార్చినా ఈఎన్ఎస్33 పోయి ఈఎన్ఎస్160 లాంటి పేరు వస్తుంది. పేరు మారిందని డీమెసేజ్ లాగ్‌లో కనిపిస్తుంది, అయితే లాగ్ చూడాలంటే ముందు సర్వర్ దాకా చేరాలి కదా.

గట్టి పరిష్కారం ఏమిటంటే, ఎమ్ఏసీ (మ్యాక్) అడ్రస్‌ను, అంటే కార్డుకు తయారీలోనే పడే నంబరును బట్టి పేరు మనమే పెట్టడం. ఈటీసీ కింది సిస్టమ్‌డీ నెట్‌వర్క్ ఫోల్డర్‌లో 10తో మొదలయ్యే చిన్న లింక్ ఫైలు రాయాలి. మ్యాచ్ భాగంలో ఎమ్ఏసీ అడ్రస్, లింక్ భాగంలో పేరు. ఆ పేరు ల్యాన్0, వ్యాన్0 అని ఉండాలి. ఈథ్0 అని పెట్టకూడదు, ఎందుకంటే కెర్నల్ ముందే ఇంకో కార్డుకు ఆ పేరు ఇచ్చేసి ఉంటే రెండింటికీ పేచీ వస్తుంది. ఆ తర్వాత బూట్ మొదట్లో వాడే చిన్న ఫైల్ సిస్టమ్ ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్‌ను మళ్లీ తయారు చేయించాలి. డెబియన్, ఉబుంటులో దానికి అప్‌డేట్ ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ ఉంది, రెడ్‌హ్యాట్ కుటుంబంలో డ్రాకట్. ఈ మెట్టు వదిలేస్తే బూట్ మొదట్లోనే పాత పేరు పడిపోయి, రాసిన ఫైలు పనిచేయడం లేదనిపిస్తుంది.

2024 జూన్ 30న సెంట్ఓఎస్ 7 గడువు ముగిశాక దాని స్థానంలో వచ్చిన ఆల్మా, రాకీ లినక్స్‌ల వైపు కదులుతున్న వాళ్లకు పేర్లు ఇంకోచోట అడ్డొస్తాయి. 7 నుంచి 8కి తీసుకెళ్లే లీప్ అనే పనిముట్టు, సర్వర్‌లో ఈథ్ పేర్లతో ఒకటి కంటే ఎక్కువ కార్డులుంటే అప్‌గ్రేడ్‌నే ఆపేస్తుంది. అది చేసేది మంచిపనే, లేకపోతే అప్‌గ్రేడ్ మధ్యలో పేర్లు మారి సర్వర్ చేతికందకుండా పోతుంది.

ఒక ఒరలో రెండు కత్తులు

అన్నిటికంటే ఎక్కువ గంటలు తినేసేది కమాండ్ల మార్పు కాదు, పేర్ల మార్పూ కాదు. ఒకే కార్డును ఇద్దరు ముగ్గురు నడపాలని చూడటం. నెట్‌వర్క్‌మేనేజర్, సిస్టమ్‌డీలో భాగమైన నెట్‌వర్క్‌డీ, పాత ఇంటర్‌ఫేసెస్ ఫైలు, వీటి పైన బూట్‌లో తానే సెట్టింగులు రాసే క్లౌడ్ ఇనిట్. ఇవన్నీ ఒకే యంత్రంలో ఇన్‌స్టాలై ఉండొచ్చు, అన్నీ పనిచేసే స్థితిలోనూ ఉండొచ్చు. అలా ఉన్నప్పుడు ఒక కార్డుకు డీహెచ్‌సీపీ (అడ్రస్‌లు తనంతట తాను పంచే పద్ధతి) నుంచి రెండు అడ్రస్‌లు వస్తాయి, రెండు డిఫాల్ట్ రూట్లు (బయటికి పోయే దారులు) పడతాయి. కొన్ని గంటలు బాగానే నడిచి తర్వాత ఆగిపోతుంది, ఎందుకు ఆగిందో లాగ్‌లో ఒకచోట దొరకదు. ఇంతమందిని ఒకే యంత్రంలో ఉండనిచ్చి, ఈ కార్డు ఫలానావాడిది అని సూటిగా చెప్పే ఒక్క కమాండ్ ఇవ్వకపోవడం డిస్ట్రిబ్యూషన్ల (ఉబుంటు, డెబియన్ లాంటి లినక్స్ రకాల) తప్పే. అడ్మిన్ల కోపంలో న్యాయం ఉన్నది ఇక్కడే.

అందుకే ఏ ఫైలునూ తాకక ముందు యజమాని ఎవరో తేల్చుకోవాలి. నెట్‌వర్క్‌మేనేజర్ కమాండ్ ఎన్ఎంసీఎల్ఐతో డివైస్ స్టేటస్ అడిగితే నెట్‌వర్క్‌మేనేజర్ చేతిలో ఉన్న కార్డుకు కనెక్టెడ్ అని ప్రొఫైల్ పేరుతో కనిపిస్తుంది, దాని చేతిలో లేనిదానికి అన్‌మేనేజ్డ్ అని ఉంటుంది. నెట్‌వర్క్‌సీటీఎల్ అడిగితే చివరి నిలువు వరుసలో కాన్ఫిగర్డ్ లేదా అన్‌మేనేజ్డ్ అని నెట్‌వర్క్‌డీ సంగతి తెలుస్తుంది. ఇంటర్‌ఫేసెస్ ఫైల్లో ఆ కార్డు పేరు ఉందేమో కూడా చూడాలి. చివరగా ఐపీ రూట్ ఫలితంలో చాలా రూట్ల పక్కన ప్రోటో అని ఒక మాట ఉంటుంది. డీహెచ్‌సీపీ అని ఉంటే ఎవరో అద్దెకు తెచ్చిన రూట్, స్టాటిక్ అని ఉంటే కాన్ఫిగ్ నుంచి వచ్చినది. స్టాటిక్ అనుకున్న సర్వర్‌లో డీహెచ్‌సీపీ కనిపిస్తే రెండో కత్తి ఒరలో ఉన్నట్టే.

తర్వాత డిస్ట్రిబ్యూషన్ తనంతట తాను పెట్టుకున్న యజమానినే ఉంచి మిగతావాటిని ఆపాలి. ఆల్మా, రాకీలో నెట్‌వర్క్‌మేనేజర్, ఉబుంటు సర్వర్‌లో నెట్‌ప్లాన్ వెనుక నెట్‌వర్క్‌డీ, డెబియన్‌లో ఇంటర్‌ఫేసెస్ ఫైలు. రెడ్‌హ్యాట్ 8లో నెట్‌వర్క్‌మేనేజర్‌ను పీకేసి పాత స్క్రిప్టులు తెచ్చుకున్న వాళ్లున్నారు. పని జరిగింది. కానీ 9కి వచ్చేసరికి ఆ ప్యాకేజీయే లేక, వాయిదా వేసిన పనంతా ఒకేరోజు మీద పడింది.

అలాగని చెప్పిన మాట విన్నవాళ్లందరికీ మేలు జరిగిందా అంటే అదీ లేదు. రెండు కార్డులను ఒకటిగా కలిపే పనికి, పాత బాండింగ్‌కు బదులుగా టీమ్ అనే కొత్త పద్ధతిని రెడ్‌హ్యాట్ 7తో తెచ్చారు. 9లో దాన్ని వదిలేయమన్నారు, 10లో తీసేశారు. బాండింగ్‌నే పట్టుకుని ఉన్నవాళ్లు ఏమీ మార్చకుండా సాగిపోయారు. కొత్తదానికి మారినవాళ్లు మళ్లీ వెనక్కి మారాల్సి వచ్చింది. అడ్మిన్లు కొత్త పనిముట్టును అనుమానంగా చూడటానికి ఇలాంటివే కారణం. దాన్ని సోమరితనం అనకూడదు.

రోజూ కాళ్లకు తగిలేవి

నెట్‌ప్లాన్ ఫైలు యామల్ రూపంలో ఉంటుంది. ట్యాబ్ కొడితే ఒప్పుకోదు, స్పేస్‌లే ఉండాలి. ఒక వరుస రెండు స్పేస్‌లు ఇటు జరిగితే గేట్‌వే ఇంకో కార్డు కిందికి పోతుంది. అడ్రస్‌కు /24 తప్పనిసరి. గేట్‌వే4 అనే పాత మాట రాస్తే హెచ్చరిక వస్తుంది. దాని బదులు రూట్స్ కింద డిఫాల్ట్, వయా అని రాయాలి. కొత్త వెర్షన్లలో ఫైలు అనుమతి 600 (సొంతదారు మాత్రమే చదివి రాయగలిగేది) కాకపోతే గొణుగుతుంది.

ఇవన్నీ సరిగ్గా రాసినా ఒక పెద్ద గుంత మిగులుతుంది. 50-క్లౌడ్-ఇనిట్ అనే ఫైలును చేత్తో సరిచేస్తే అది నిలుస్తుందన్న భరోసా లేదు. ఫైలు మొదట్లోనే ఆ సంగతి రాసి ఉంటుంది, హడావిడిలో ఎవరూ చదవరు. మిల్లులోనో కాలేజీలోనో ఉండే సొంత సర్వర్‌కు క్లౌడ్ ఇనిట్ నెట్‌వర్క్ విషయంలో కలగజేసుకోవాల్సిన అవసరం లేదు. క్లౌడ్ కాన్ఫిగ్ ఫోల్డర్‌లో 99తో మొదలయ్యే ఫైలు పెట్టి, నెట్‌వర్క్ కింద కాన్ఫిగ్ డిజేబుల్డ్ అని రాస్తే అది తప్పుకుంటుంది.

నెట్‌వర్క్‌మేనేజర్ వైపు ఎక్కువగా జరిగే తప్పు ఇది. ఎన్ఎంసీఎల్ఐ కనెక్షన్ మాడిఫై అంటే ప్రొఫైల్ మారుతుంది కానీ నడుస్తున్న కార్డు మారదు. కనెక్షన్ అప్ అనో, డివైస్ రీఅప్లై అనో చెప్పాకే అమలవుతుంది. అది తెలియక తప్పు గేట్‌వే రాసి, అంతా నడుస్తోంది కదా అని వదిలేస్తే మూడు నెలల తర్వాత రీబూట్‌లో బయటపడుతుంది. అప్పటికి ఎవరు ఏం మార్చారో ఎవరికీ గుర్తుండదు. ఒకే కార్డుకు రెండు ప్రొఫైళ్లు ఉండటం ఇంకో తలనొప్పి. తనంతట తాను తయారైన వైర్డ్ కనెక్షన్ 1 ఒకటి, మనం రాసినది ఒకటి. బూట్‌లో ఏది లేస్తుందో పందెం కాయలేం. వద్దనుకున్నదాన్ని తీసేయాలి. కీఫైల్‌ను చేత్తో కాపీ చేస్తే ఫైలు సొంతదారు రూట్ అనే అడ్మిన్ యూజర్, అనుమతి 600 ఉండాలి. లేకపోతే నెట్‌వర్క్‌మేనేజర్ దాన్ని పట్టించుకోదు. 9లో ఉండగానే కనెక్షన్ మైగ్రేట్ అనే ఒక్క కమాండ్ నడిపితే పాత ఫైళ్లన్నీ కొత్త రూపంలోకి వస్తాయి. 10కి పోయే ముందు ఇది చేయక తప్పదు.

పేరును అడ్రస్‌గా మార్చే డీఎన్‌ఎస్ విషయం త్వరగా చెప్పుకోవచ్చు. 8.8.8.8కి పింగ్ పోతోంది, పేరు మాత్రం దొరకడం లేదు అంటే రిజాల్వ్ డాట్ కాన్ఫ్ చూడాలి. అందులో 127.0.0.53 ఉంటే సిస్టమ్‌డీ రిజాల్వ్‌డీ నడుస్తోందని అర్థం. ఆ ఫైలు నిజానికి ఒక లింకే, అందులో రాసింది నిలవదు. అసలు డీఎన్‌ఎస్ సర్వర్లు ఏవో రిజాల్వ్‌సీటీఎల్ స్టేటస్‌లో కనిపిస్తాయి, మార్చాల్సింది నెట్‌ప్లాన్‌లోనో ప్రొఫైల్‌లోనో. ఫైర్‌వాల్‌లోనూ ఇదే కథ. డెబియన్ 10 నుంచి ఫైర్‌వాల్ నియమాలకు వాడే ఐపీటేబుల్స్ కమాండ్ కొడితే వెనుక పనిచేసేది ఎన్‌ఎఫ్‌టేబుల్స్. లెగసీ రూపంలో పాత నియమాలు ఇంకా మిగిలి ఉంటే రెండు జాబితాలూ అమల్లో ఉంటాయి, కానీ ఒకదాన్ని చూస్తే రెండోది కనిపించదు.

కాలేజీ ల్యాబుల్లో వర్చువల్ యంత్రాలను క్లోన్ చేసేవాళ్లు మెషీన్ ఐడీ (యంత్రం సొంత గుర్తు) ఫైలును మరవకూడదు. నెట్‌వర్క్‌డీ డీహెచ్‌సీపీ సర్వర్‌కు ఎమ్ఏసీ బదులు మెషీన్ ఐడీ నుంచి తీసిన గుర్తు చెబుతుంది. ఒకే ఐడీతో 30 క్లోన్లు లేస్తే అన్నిటికీ ఒకే అడ్రస్ రావచ్చు. మూల యంత్రంలో ఆ ఫైలును ఖాళీ చేసి క్లోన్ చేయాలి, లేదా నెట్‌ప్లాన్‌లో డీహెచ్‌సీపీ ఐడెంటిఫయర్ మ్యాక్ అని పెట్టాలి.

కరెంటు పోయి వచ్చినప్పుడు

ఎండాకాలం గాలివానకు కరెంటు పోతుంది, యూపీఎస్ బ్యాటరీ గంటలో ఖాళీ అవుతుంది. కరెంటు వచ్చాక సర్వర్, స్విచ్ ఒకేసారి లేస్తాయి. స్విచ్ పూర్తిగా సిద్ధమయ్యేలోపు సర్వర్ బూట్ అయిపోతే కార్డుకు లింక్ ఉండదు. మామూలుగా లింక్ లేని కార్డుకు నెట్‌వర్క్‌మేనేజర్ స్టాటిక్ అడ్రస్ కూడా ఇవ్వదు. 192.168.10.5 మీదే వినాలని కట్టిపడేసిన డేటాబేస్ ఆ అడ్రస్ కనిపించక చచ్చిపోతుంది. రెండు నిమిషాల తర్వాత లింక్ వస్తుంది, అడ్రస్ వస్తుంది, పింగ్ పోతుంది. బిల్లింగ్ మాత్రం తెరుచుకోదు.

దీనికి మూడు మందులున్నాయి, మూడూ వేసినా తప్పులేదు. రెడ్‌హ్యాట్ కుటుంబంలో నెట్‌వర్క్‌మేనేజర్ కాన్ఫిగ్ సర్వర్ అనే చిన్న ప్యాకేజీ ఉందో లేదో చూసుకోవాలి. లింక్ లేకపోయినా స్టాటిక్ అడ్రస్ ఇవ్వమని, కొత్త కార్డుకు సొంతంగా డీహెచ్‌సీపీ ప్రొఫైల్ తయారు చేయవద్దని చెప్పే రెండు సెట్టింగులే అందులో ఉంటాయి. మినిమల్ ఇన్‌స్టాల్ చేసినవాళ్లు దీన్ని ప్రత్యేకంగా చూసుకోవాలి. రెండోది, డేటాబేస్ సర్వీసును నెట్‌వర్క్ ఆన్‌లైన్ టార్గెట్ తర్వాతే లేపమని చెప్పడం. ఉత్త నెట్‌వర్క్ టార్గెట్ చాలదు, అడ్రస్ వచ్చిందన్న హామీ దానిలో లేదు. మూడోది, సర్వీస్ పడిపోతే మళ్లీ లేపమనే రీస్టార్ట్ వరుస.

ఇందుకు తలకిందులైన ఇబ్బంది ఉబుంటులో ఉంది. కేబుల్ పెట్టని రెండో పోర్టును నెట్‌ప్లాన్‌లో రాసి వదిలేస్తే, బూట్ 2 నిమిషాలు ఆగి దానికోసం ఎదురుచూస్తుంది. ఆ కార్డు కింద ఆప్షనల్ ట్రూ అని రాస్తే ఆ ఎదురుచూపు ఉండదు.

దూరం నుంచి మార్చేటప్పుడు

హైదరాబాద్ డేటా సెంటర్‌లో పెద్ద సర్వర్‌కు ఐడ్రాక్, ఐలో లాంటి రిమోట్ కన్సోల్ ఉంటుంది. నెట్‌వర్క్ పోయినా స్క్రీన్ కనిపిస్తుంది. దేవరకొండలో, కొల్లాపూర్‌లో చిన్న ఆఫీసు సర్వర్ చాలాసార్లు ఒక మామూలు డెస్క్‌టాప్. దానికి ఆ వసతి ఉండదు. దూరం నుంచి లాగిన్ అయ్యే ఎస్‌ఎస్‌హెచ్‌లో కూర్చుని నెట్‌వర్క్ మార్చడమంటే కూర్చున్న కొమ్మను నరకడమే. తప్పు జరిగితే వంద కిలోమీటర్ల బస్సు ప్రయాణం, ఆ రోజు అక్కడి పని బంద్.

ఉబుంటులో నెట్‌ప్లాన్ అప్లై వాడకూడదు, నెట్‌ప్లాన్ ట్రై వాడాలి. 120 సెకన్లలో ఎంటర్ కొట్టకపోతే పాత కాన్ఫిగ్‌కు తానే తిరిగిపోతుంది. అయితే బ్రిడ్జ్, బాండ్ ప్రత్యేక సెట్టింగులను అది వెనక్కి తేలేదు, వాటి విషయంలో దాన్ని నమ్ముకోవద్దు. మెమరీలో మాత్రమే చేసే మార్పులకు పాత ఉపాయమే బాగుంటుంది. ముందు పది నిమిషాల తర్వాత రీబూట్ అయ్యేలా షట్‌డౌన్ కమాండ్ ఇచ్చి, మార్పు చేసి, బాగుంటే రద్దు చేయాలి. డిస్క్ మీద ఫైలు మారుస్తున్నప్పుడు రీబూట్ కాపాడదు. అప్పుడు పాత ఫైళ్ల కాపీని వెనక్కి పెట్టి సర్వీసును లేపే చిన్న స్క్రిప్టు రాసి, సిస్టమ్‌డీ రన్‌తో ఐదు నిమిషాల తర్వాత నడిచేలా పెట్టాలి. దానికి మనకు గుర్తుండే పేరు ఇస్తే, పని సరిగ్గా జరిగాక ఆ టైమర్‌ను ఆపడం తేలిక. ఆ స్క్రిప్టును ఒకసారి ఉత్తగా నడిపి చూడకుండా దాని మీద భారం వేయకూడదు.

ఇంత చేసినా సర్వర్ అందకపోతే మిగిలేది ఫోన్. అవతల ల్యాబ్ అటెండరో, మిల్లు గుమాస్తానో మానిటర్ తగిలించి, "సార్, నల్లగా ఉంది, ఏదో గీత కొట్టుకుంటుంది" అంటారు. ఆ మనిషి చేత ఏం కొట్టించగలం అన్నది కాన్ఫిగ్ రాసేటప్పుడే ఆలోచించాలి. వైర్డ్ కనెక్షన్ 1 అనే పేరులో స్పేస్‌లు, పెద్ద అక్షరాలు, కోట్‌లు అన్నీ ఫోన్‌లో చెప్పి కొట్టించాలి. ల్యాన్0 అని ప్రొఫైల్‌కు పేరు పెడితే నాలుగు అక్షరాలతో పోతుంది. ఎన్ఎంటీయూఐ అనే మెనూ పనిముట్టును ముందే ఇన్‌స్టాల్ చేసి ఉంచితే బాణం గుర్తులతోనే దారి చెప్పొచ్చు, "కిందికి రెండు నొక్కి ఎంటర్ కొట్టు తమ్మీ" అంటే చాలు. మార్పు చూడటానికి ఐపీ ఏ అన్నది ఇఫ్‌కాన్ఫిగ్ కంటే చెప్పడానికి ఎంతో సులువు. కొత్త కమాండ్లలో నిజంగా మేలైనది ఇదొకటి.

ప్రతి సర్వర్ పెట్టె మీద ఒక కాగితం అంటించాలి. కార్డు యజమాని ఎవరు, కాన్ఫిగ్ ఏ ఫైల్లో ఉంది, ఎమ్ఏసీ అడ్రస్, ఐపీ, గేట్‌వే, స్విచ్‌లో ఏ పోర్టు, చివరిసారి రీబూట్ చేసి చూసిన తేదీ. ఈ చివరి వరుసే అన్నిటికంటే ముఖ్యం. నెట్‌వర్క్ ఫైలును తాకిన రోజు, ఆ ఊరు విడిచే ముందు, పనివేళ ముగిశాక సర్వర్‌ను పూర్తిగా ఆపి మళ్లీ లేపాలి. స్విచ్‌ను కూడా ఆపి, సర్వర్ లేచాక దాన్ని లేపి చూడాలి. బిల్లింగ్ తెరుచుకుంటే తేదీ రాసి బస్సెక్కొచ్చు.